ఎలుగుబంటిని ‘గెలిచిన’ రైతు: ఉద్దానం నుంచి ఒక కేసు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక ఊరి నుంచి వచ్చిన 44 ఏళ్ల రైతు కేసు ఇది. ఆయన్ని వార్డుకు తెచ్చిన రోజు నుంచీ చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఎలుగుబంటిని ఉత్త చేతుల్తో కొట్టి తరిమేశాడు." ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఆయన ఫోటో తిరిగింది. పక్క మంచాల మీది రోగుల బంధువులు కూడా వచ్చి చూసి, దండం పెట్టి వెళ్లారు.

నేను ముఖం, దవడల సర్జన్‌ని. ఆయన గాయాలు కడిగి, కుట్టి, ఎముకలు కూర్చినవాళ్లలో ఒకణ్ణి. ఊరు చెప్పినదానికీ ఆ గాయాల్లో నాకు కనిపించినదానికీ చాలా తేడా ఉంది. ఆయుధం లేని మనిషి జంతువును గెలవగలడా అన్న ప్రశ్న కుర్రాళ్ల కబుర్లలో తరచూ వస్తుంది, ఎవరి ఊహ వాళ్లు చెప్తారు. ఒక మనిషి ఒంటి మీద మిగిలిన ఆనవాళ్లను బట్టి దానికి జవాబు చెప్పే వీలు ఈ కేసులో దొరికింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రోగి అనుమతి తీసుకున్నాను. ఊరు, కుటుంబం తెలిసిపోయే వివరాలు వదిలేశాను.

ఆ తెల్లవారుజాము

మే నెల. జీడిపిక్కలు ఏరే పని చివరికొచ్చింది, తోటల్లో పనసపండ్ల వాసన మొదలైంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస కలిసిపోయి ఉంటాయి. ఎక్కడ తోట ముగుస్తుందో, ఎక్కడ పొదలు మొదలవుతాయో కొత్తవాళ్లకు తెలియదు. పనసపండు, జీడిపండు, చెదపుట్టలు మూడూ ఎలుగుబంటికి ఇష్టమైన తిండే. మందస కొండల నుంచి సముద్రపు ఒడ్డు దాకా ఆ తోటల్లో అవి తిరగడం అక్కడివాళ్లకు కొత్త కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయి, మరికొందరు గాయపడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఎలుగుబంటిని మత్తు సూది వేసి పట్టుకున్నారు, తర్వాత అదీ చనిపోయింది.

మా రోగి ఆ రోజు ఇంకా చీకటి పూర్తిగా విడవకముందే తోటకు బయల్దేరాడు. చేతిలో కర్ర లేదు. కత్తి, సంచి వెనక వస్తున్న మేనల్లుడి దగ్గర ఉన్నాయి. గాలి ఎదురుగా, ముఖానికి కొడుతోంది. ఈ చిన్న వివరం ముఖ్యం. ఎలుగుబంటికి చూపు, వినికిడి అంతంతమాత్రం, ముక్కు మాత్రం చాలా చురుకు. గాలి ఎదురుగా వీస్తే మనిషి వాసన ముందున్న జంతువుకు చేరదు. పైగా అది చెదపుట్టలో మూతి పెట్టి పురుగుల్ని పీల్చుకునేటప్పుడు చేసే చప్పుడు చాలా పెద్దది. ఆ సమయంలో అడుగుల చప్పుడు దానికి వినపడే అవకాశం తక్కువ.

పనసచెట్టు చుట్టూ తిరిగి వచ్చేసరికి అది మూడు నాలుగు గజాల దూరంలో ఉంది. దాని వెనక రెండు పిల్లలు. అది లేచి నిలబడటం వరకే ఆయనకు స్పష్టంగా గుర్తుంది. మిగతాది మేనల్లుడు చెప్పింది. అరుపులు విని పరుగెత్తుకొచ్చేసరికి మావయ్య మోకాళ్ల మీద ఉన్నాడు, ఎడమ చెయ్యి ఎలుగుబంటి నోట్లో ఉంది, కుడి చేత్తో దాని తల మీద కొడుతున్నాడు. మేనల్లుడు నీళ్ల డబ్బాను కత్తి వెనక వైపుతో బాదుతూ గట్టిగా అరిచాడు. పక్క తోటలో ఉన్నవాళ్లూ అరిచారు. ఆపాటికే పిల్లలు రెండూ పొదల్లోకి దూరిపోయాయి. ఎలుగుబంటి చెయ్యి వదిలేసి వాటి వెనకే వెళ్లిపోయింది. మొత్తం నిమిషం కూడా కాలేదని అతని అంచనా.

కొన్ని రోజుల తర్వాత, నోరు కాస్త కదిలించగలిగాక, రోగిని నేను అడిగాను. ఆయన చెప్పింది ఇది: "నానేటి కొట్టినానో నాకు తెలీదు బాబూ. సెయ్యి అడ్డమెట్టినాను, అంతే గ్యాపకం."

మా దగ్గరకు చేరేసరికి

ఈ కేసులో పేరు బయటికి రాని ఇద్దరి పని గురించి ముందు చెప్పాలి.

ఒకరు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డ్యూటీలో ఉన్న నర్సు. అంత రక్తం, వేలాడుతున్న చర్మం చూస్తే ఎవరైనా ముందు కట్టు కట్టేయాలనుకుంటారు. రక్తం ఎగజిమ్ముతున్న చోట్ల గుడ్డ ఒత్తి పట్టించి, మిగతా గాయాలన్నిటినీ ఆమె సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో పావుగంట సేపు కడిగింది. టీటీ ఇంజక్షన్, రేబిస్ టీకా మొదటి డోసు ఇచ్చింది. ఏ సమయానికి ఏం చేసిందో చీటీ మీద రాసి పంపింది. ఆ తర్వాత మేం ముఖాన్ని ఒకేసారి కుట్టగలిగామంటే అందులో ఆ పావుగంటకు పెద్ద వాటా ఉంది.

రెండోవారు 108 సిబ్బంది. రోగి పడుకోనంటున్నాడని బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టలేదు. ముందుకు వంగి కూర్చోనిచ్చి, నోట్లోంచి రక్తం బయటికి కారనిచ్చారు. కింది దవడ రెండు చోట్ల విరిగిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి ఊపిరి అడ్డుకుంటుంది. దారిలోనే ప్రాణం పోవచ్చు.

మా దగ్గరకు వచ్చినప్పుడు స్పృహలో ఉన్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు. నాడి వేగంగా ఉంది, బీపీ తక్కువగా ఉంది. రక్తం చాలావరకు నెత్తి చర్మం నుంచి పోయింది. నెత్తిమీది రక్తనాళాలు తెగితే ముడుచుకోవు, కారుతూనే ఉంటాయి. ముందు వాటిని అదుపు చేసి, రక్తం ఎక్కించి, తర్వాతే స్కాన్‌కు పంపాం.

ఉద్దానం రోగి అనగానే మేం కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చూడకుండా ముందుకు వెళ్లం. అక్కడి కిడ్నీ జబ్బు గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈయనకు క్రియాటినిన్ అప్పటికే మామూలు కంటే కొంచెం ఎక్కువగా ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలియదు. అందువల్ల కాంట్రాస్ట్ (రక్తంలోకి ఎక్కించే రంగు మందు) లేని స్కాన్‌తో సరిపెట్టాం. సాధారణంగా ఇచ్చే నొప్పి మాత్రలు కొన్ని మానేశాం, కిడ్నీల మీద భారం వేసే యాంటీబయాటిక్స్ జోలికి పోలేదు.

గాయాలను బట్టి తెలిసింది

కొట్లాట జరిగినప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏది ముందు ఏది తర్వాతో గాయాల దిశ, లోతు చూసి చాలావరకు చెప్పవచ్చు. ఈయన ఒంటి మీది గాయాలను నేను జరిగిన వరుసలో పేర్చుకుంటూ పోయాను.

మొదటివి పంజా గాయాలు. నెత్తిమీద కుడివైపు నుంచి కిందికి, కుడి కనురెప్ప, చెంప, ముక్కు పక్క దాకా సమాంతరంగా చీలికలు. పైన లోతు ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ తక్కువ. అంటే దెబ్బ పైనుంచి కిందికి పడింది. ఎలుగుబంటి వెనక కాళ్ల మీద లేచి, ఎదురుగా నిలబడ్డ మనిషిని ఎడమ పంజాతో కొట్టింది. అప్పుడు మనిషి నిలబడే ఉన్నాడు, చేతులు పైకి లేవలేదు. ఎందుకంటే ఆ చీలికలు ఎక్కడా తెగిపోకుండా సాగాయి, వాటి దారిలో చేతి మీద ఒక్క గీత కూడా లేదు. అసలైన నష్టంలో చాలా భాగం ఈ ఒక్క దెబ్బతోనే జరిగింది. అప్పటికి ‘పోరాటం’ మొదలే కాలేదు. ఎలుగుబంటి గోళ్లు మూడు నాలుగు అంగుళాల దాకా ఉంటాయి. చెదపుట్టల గట్టి మట్టిని తవ్వడానికి పెరిగిన గోళ్లవి. మనిషి ముఖ చర్మం వాటికి ఏమాత్రం అడ్డం కాదు.

రెండోది దవడ మీది కాటు. చెంప ఎముక కింద ఒక లోతైన రంధ్రం, దవడ అంచు కింద మరొకటి. పై కోర, కింది కోర దిగిన చోట్లు అవి. ఆ రెండిటి మధ్యలో చిక్కిన దవడ విరిగింది. కింది రంధ్రం మెడలోని పెద్ద రక్తనాళానికి వేలు వెడల్పంత దూరంలో ఆగింది. నేను దాన్ని తెరిచి చూసినప్పుడు నాళం గోడ చెక్కుచెదరకుండా కనబడింది. అదే ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం కిందికి దిగి ఉంటే ఆయన మా దాకా వచ్చేవాడు కాదు.

మూడోది ఎడమ ముంజేయి. చిటికెన వేలు వైపు అంచున ఎదురెదురుగా పళ్ల రంధ్రాలు, నలిగిన కండ, ముంజేతి లోపలి ఎముకలో పగులు. ఎవరైనా ముఖానికి, గొంతుకు అడ్డంగా చెయ్యి పెడితే ముందుకు వచ్చే భాగం అదే. ఆ కాటు మెడ మీద పడాల్సింది, చేతి మీద పడింది.

నాలుగోది కుడి చెయ్యి. దాని మీద పంటి గాటు లేదు, గోటి గీత లేదు. చిటికెన వేలి మెటిక దగ్గర వాపు, ఎక్స్‌రేలో అక్కడి ఎముక విరిగి వంగింది. గట్టి వస్తువును పిడికిలితో గుద్దినవాళ్లకు వచ్చే విరుపు ఇది. తాగి గోడను గుద్దినవాళ్లలో తరచూ చూస్తాం. ఎలుగుబంటి తల మీద ఆయన గుద్దింది నిజమే, బలంగా గుద్దిందీ నిజమే. విరిగింది మాత్రం ఆయన ఎముక. ఆ తల మీద మందపాటి జూలు, దాని కింద వదులు చర్మం, దాని కింద దవడను కదిలించే లావుపాటి కండ, ఆ తర్వాతే ఎముక. మనిషి పిడికిలి మోయగలిగిన దెబ్బ ఏదీ అంత లోతుకు చేరదు.

ఇక లేని గాయాల సంగతి. వీపు మీద, పిరుదుల మీద, కాళ్ల వెనక ఏమీ లేదు. ఆయన వెనక్కి తిరగలేదు, పరుగెత్తలేదు. కొబ్బరిచెట్లు ఎక్కి గట్టిపడ్డ మనిషి, కాళ్లలో సత్తువ ఉన్నవాడు, అయినా పరుగెత్తలేదు. పరుగెత్తి ఉంటే దానికి వెనక మెడ అందేది. ఎలుగుబంటి చూడటానికి బద్ధకంగా కనిపిస్తుంది కానీ మనిషి కంటే వేగంగా పరుగెత్తగలదు.

ఇది గెలుపేనా

కాదు అని నేను అనుకుంటున్నాను. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఏది ఆయన్ని కాపాడిందో సరిగ్గా తెలుసుకోవాలి, లేకపోతే తర్వాతివాడు తప్పుదాన్ని నమ్ముకుంటాడు.

ఈ పోటీ బరువు ప్రకారం చూస్తే దాదాపు సమానం. రోగి బరువు 68 కిలోలు. పెరిగిన ఆడ ఎలుగుబంట్లు సుమారు 55 నుంచి 95 కిలోల మధ్య ఉంటాయి. మగవి ఇంకా పెద్దవి, 140 కిలోలు దాటేవీ ఉన్నాయి. కష్టజీవి, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మగవాడు తన బరువుకు అటూ ఇటూగా ఉన్న జంతువుకు ఎదురుపడ్డాడు. ఒక్క దెబ్బతో ముఖంలో సగం పోయింది. తిరిగి కొట్టిన దెబ్బకు తన చెయ్యే విరిగింది. బరువు సమానమైనప్పుడే ఇలా ఉంటే, మిగతాది ఊహించుకోవచ్చు. గోళ్లు, కోరలు, దళసరి తోలు ఉన్నవాటికీ, పలచటి చర్మం, చిన్న పళ్లు, సన్నటి వేళ్లు ఉన్న మనకూ పోలిక లేదు.

మరి అది ఎందుకు వెళ్లిపోయింది? ఎలుగుబంటి మనిషిని తినడానికి రాదు. అది పులులున్న అడవుల్లో బతికి వచ్చిన జంతువు. పెద్దపులి నుంచి పరుగెత్తి తప్పించుకోలేదు. చెట్టెక్కినా లాభం లేదు, చిరుత కూడా చెట్టెక్కుతుంది. అందుకని దగ్గర్లో హఠాత్తుగా ఏదైనా కనిపిస్తే ముందుగానే మీదపడి, బెదరగొట్టి, దారి చేసుకుని పోవడం దాని పద్ధతి. పిల్లలుంటే మరీను. పిల్లలు పొదల్లోకి వెళ్లాయి, చుట్టూ చప్పుడు పెరిగింది, ఎదుటి మనిషి మోకాళ్ల మీద కూలబడ్డాడు. దానికి కావలసింది అయిపోయింది. ఓడిపోయి వెళ్లలేదు, పని పూర్తయి వెళ్లింది. తల మీద పడ్డ గుద్దులకు అది వదిలిందనడానికి ఒక్క ఆధారమూ నాకు దొరకలేదు.

మనుషులు నిజంగా గెలిచిన కేసులు లేకపోలేదు. 2019 ఫిబ్రవరిలో అమెరికాలోని కొలరాడోలో, ఫోర్ట్ కాలిన్స్ పక్కనున్న హార్స్‌టూత్ కొండ దారిలో ఒంటరిగా పరుగెత్తుతున్న 31 ఏళ్ల మనిషి మీద ప్యూమా దూకింది. పిల్లి జాతికి చెందిన పెద్ద వేటజంతువు అది, దాన్ని అక్కడ మౌంటెన్ లయన్ అంటారు. అది అతని మణికట్టు కరిచిపట్టి వదల్లేదు. ఇద్దరూ వాలు మీద దొర్లారు. అతను పుల్లలతో పొడిచాడు, రాయితో కొట్టాడు, చివరికి దాని మెడ మీద కాలు వేసి ఊపిరాడకుండా తొక్కిపట్టాడు. అది చచ్చింది. అతనికి ముఖం మీద, చేతి మీద 20కి పైగా కుట్లు పడ్డాయి. ప్రపంచమంతా వార్త అయింది. చాలామంది చదవకుండా వదిలేసింది పోస్టుమార్టం వివరం: అది నాలుగైదు నెలల పిల్ల, బతికున్నప్పటి బరువు 16 నుంచి 18 కిలోలు ఉంటుందని అక్కడి వన్యప్రాణి విభాగం అంచనా. మనిషి దానికి నాలుగింతలు. అంత తేడా ఉన్నా దాన్ని లొంగదీయడానికి అతను నిమిషాల తరబడి పెనుగులాడాల్సి వచ్చింది. అతను గెలిచింది కూడా పిడికిలితో కాదు, తన బరువంతా మెడ మీద మోపి.

1896లో సోమాలీ ప్రాంతంలో కార్ల్ ఏక్లీ అనే అమెరికన్ ఒక చిరుతను ఉత్త చేతులతో చంపాడు. మ్యూజియంల కోసం జంతువుల బొమ్మలు తయారుచేసే మనిషి ఆయన. కుడి చేతిని దాని గొంతులోకి తోసి, ఎడమ చేత్తో మెడ నొక్కి, మోకాళ్లతో ఛాతీ మీద కూర్చున్నాడు. ఆ చిరుత బరువు సుమారు 36 కిలోలు. అంతకు ముందే ఆయన తుపాకీ గుండు తగిలి దాని వెనక పాదం దెబ్బతింది. చిరుత వెనక కాళ్ల గోళ్లతోనే మనిషి పొట్ట చీలుస్తుంది. ఆ ఆయుధాల్లో ఒకటి ముందే పోయిన జంతువది.

ఈ రెండు కేసుల్లోనూ జంతువు మనిషి బరువులో సగం, అంతకన్నా తక్కువ. రెండిటిలోనూ మనిషి పట్టుబడ్డ చేతిని వెనక్కి లాక్కోకుండా, ఆ పట్టునే ఆసరా చేసుకుని మీదికి బరువు మోపాడు. నా అభిప్రాయం అడిగితే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాడికి ఖాళీ చేతులతో ఏదైనా అవకాశం ఉంటే అది ఈ హద్దు లోపలే. ఆ హద్దు దాటాక గెలుపోటములు మన చేతిలో ఉండవు, జంతువు ఎప్పుడు వదలాలనుకుంటుందో దాని మీద ఉంటాయి.

2021లో యూగవ్ అనే సర్వే సంస్థ అమెరికన్లను ఇదే ప్రశ్న అడిగింది. ఎలుకను ఓడించగలమని 72 శాతం, మధ్యరకం కుక్కను ఓడించగలమని 49 శాతం, గ్రిజ్లీ ఎలుగుబంటిని కూడా ఓడించగలమని 6 శాతం చెప్పారు. అందరూ 6 శాతాన్ని చూసి ఆశ్చర్యపోతారు. నాకు కుక్క అంకె ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. మధ్యరకం కుక్కను మెడ పట్టి అదిమి ఆపడం చాలామంది పెద్దవాళ్లకు సాధ్యమే. కానీ రేబిస్ ఉన్న దేశంలో ఆ గెలుపుకు విలువ లేదు. కుక్కను ఆపాను కదా, చిన్న గీతే కదా అని టీకా వేయించుకోకుండా ఊరుకున్నవాడు, లక్షణాలు మొదలయ్యాక దాదాపుగా బతకడు. మన దగ్గర జంతువుతో కొట్లాట అది వెళ్లిపోయాక కూడా ఒంట్లో కొనసాగుతుంది.

చికిత్స

అడవి జంతువు కాటును మూడో రకం గాయంగానే, అంటే రేబిస్ ముప్పు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదానిగా లెక్కించాలి. దానికి కడగడం, టీకా, దాంతోపాటు గాయాల్లోకే రేబిస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్, అంటే రేబిస్ వైరస్‌ను అడ్డుకునే సిద్ధ యాంటీబాడీల మందు. మనుషుల రక్తం నుంచి తీసినదైతే కిలోకు 20 యూనిట్లు, 68 కిలోలకు 1360 యూనిట్లు. ఆ మందు పరిమాణం కొద్ది మిల్లీలీటర్లే, గాయాలు మాత్రం తల నుంచి ముంజేతి దాకా ఉన్నాయి. డోసు పెంచకూడదు. సెలైన్‌తో పలచన చేసి ప్రతి రంధ్రం లోతుకూ, ప్రతి చీలిక అంచుకూ చేర్చాం. ఇది కుట్లకు ముందే జరగాలి. కండ కలిపేశాక లోపలికి మందు చేరదు.

మత్తు ఇవ్వడానికి శ్వాసగొట్టం ఎటునుంచి వేయాలన్నది తర్వాతి చిక్కు. నోట్లోంచి వేస్తే పళ్ల వరసలు కలిపి చూసుకోలేం, అవి కలవకుండా దవడ కూర్చలేం. ముక్కు చీలిపోయింది కాబట్టి అటూ కుదరదు. గొంతు దగ్గర రంధ్రం చేయడం ఒక మార్గం. మేం గడ్డం కింద చిన్న కోత పెట్టి, నోట్లో వేసిన గొట్టం బయటి కొసను ఆ కోతలోంచి కిందికి తీశాం. నోరు, ముక్కు రెండూ ఖాళీ అయ్యాయి. ఇలాంటి కేసుల్లో ఈ పద్ధతి ఎంతో మేలు.

దవడకు, చెంప ఎముకకు టైటానియం ప్లేట్లు వేశాం. కన్నీరు కారే సన్నటి నాళం కింది రెప్పలో తెగిపోయింది. దాన్ని కంటి డాక్టర్ సిలికాన్ దారం మీద కలిపారు. కనుగుడ్డు బాగానే ఉంది. ఎక్కువ సమయం తీసుకున్నది ముఖాన్ని కదిలించే నరం. కన్ను మూయించే కొమ్మ, పై పెదవిని లేపే కొమ్మ రెండూ తెగాయి. తెగిన మూడు రోజుల లోపలైతే నరం కొసను చిన్న కరెంటుతో తాకిస్తే కండ అదురుతుంది, దాన్నిబట్టి కొసను వెతికి పట్టుకోవచ్చు. ఆ తర్వాత అదరదు, మాంసంలో నరాన్ని వెతకడం చాలా కష్టం. అందుకే రేపు మాపు అనకుండా ఆ రాత్రే మైక్రోస్కోపు కింద కలిపాం. చెంపలోని లాలాజల నాళం కూడా తెగింది, దానికి సన్నటి గొట్టం పెట్టి కుట్టాం. ముఖం మీది గాయాలు ఆ రోజే మూశాం. ముంజేతి మీది కాటు రంధ్రాలను మాత్రం తెరిచే ఉంచి, శుభ్రంగా ఉన్నాయని తేలాక మూశాం. ముఖానికి రక్తప్రసారం ఎక్కువ కాబట్టి అది చీము పట్టకుండా తట్టుకుంటుంది, చేతికి ఆ వెసులుబాటు లేదు.

ముక్కు కుడి పక్క కొంత పోయింది. గాయాలు మానాక నుదుటి ఎడమ భాగం నుంచి చర్మాన్ని కింది కాడ తెగకుండా తిప్పి అక్కడ అతికించాం. మూడు వారాలకు కొత్త చోట రక్తప్రసారం కుదిరాక కాడ కోశాం. నుదుటి చర్మంతో ముక్కు చేసే ఈ విద్య మన దేశంలో పుట్టిందే. టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధంలో ముక్కు కోల్పోయిన ఒక బండివాడికి పుణె వైపు స్థానిక వైద్యుడు ఇలా ముక్కు చేసిన వార్త 1794లో లండన్ పత్రికలో అచ్చయ్యాకే యూరప్ సర్జన్లు దీన్ని పట్టుకున్నారు. ఈ ఆపరేషన్ చేసిన ప్రతిసారీ ఆ పేరు తెలియని వైద్యుణ్ణి గౌరవంతో తలుచుకుంటాను.

వీరుడన్న పేరు చేసిన చెడు

ఒక వారం దాటాక ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, "రాత్రుళ్లు నిద్రపోవడం లేదు బాబూ, లేచి కూర్చుంటున్నాడు, ఎవరికీ చెప్పొద్దంటున్నాడు" అంది. అడిగితే ఆయన మొదట ఒప్పుకోలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. కళ్లు మూస్తే దాని నోటి వాసన వస్తోంది. కారిడార్‌లో ట్రాలీ చప్పుడైతే గుండె దడదడలాడుతోంది. ఎలుగుబంటిని తరిమినవాడు భయపడుతున్నాడని తెలిస్తే నవ్వుతారేమోనని లోపల దాచుకున్నాడు.

ఇలాంటి దాడి తర్వాత ఈ లక్షణాలు రావడం మామూలే, వీటికి మంచి చికిత్స ఉంది. కానీ రోగి నోరు విప్పి చెప్పాలి. ఊరు ఇచ్చిన బిరుదు ఆ నోరు మూయించింది. మానసిక వైద్యుల దగ్గరకు పంపడం కొన్ని రోజులు ఆలస్యమైంది. అప్పటి నుంచి జంతువుల దాడి కేసు ఏది వచ్చినా ‘మీరు గొప్పగా పోరాడారు’ అన్న మాట మా వార్డులో అనకూడదని మా టీమ్‌కు చెప్పాను. నిద్ర ఎలా పడుతోందని మొదటి రోజు నుంచే అడుగుతాం.

ఊళ్లోనూ దాని ప్రభావం పడింది. "మా బాబాయి ఒక్కడే తరిమేశాడు, మనం పదిమందిమి వెళ్తే ఏమవుతుంది" అని కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని ఆ తల్లిని, పిల్లల్ని వెతకడానికి బయల్దేరబోయారని మేనల్లుడు చెప్పాడు. అటవీ సిబ్బంది వచ్చి ఆపారట. పిల్లలున్న ఎలుగుబంటిని గుంపు చుట్టుముడితే జరిగేది మళ్లీ మా థియేటర్‌కే వస్తుంది.

మేనల్లుణ్ణి, ఆ కుర్రాళ్లలో కొందరిని కూర్చోబెట్టి నేను చెప్పినవి ఇక్కడా చెప్తాను. తెల్లవారుజామున, సందె చీకట్లో తోటకు ఒంటరిగా వెళ్లకండి. వెళ్తూ మాట్లాడుకోండి, డబ్బా వాయించండి, పొడుగాటి కర్ర ఉంచుకోండి. మీరు వస్తున్నట్టు ముందే తెలిస్తే ఎలుగుబంటి చాలాసార్లు తనే పక్కకు పోతుంది. దూరంగా కనబడితే వెనక్కి తిరక్కుండా మెల్లగా తప్పుకోండి. మీదపడి పట్టేసిందంటే బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతులతో మెడ వెనక కప్పుకుని, అది పూర్తిగా వెళ్లేదాకా కదలకండి. ఈ రోగి గుద్దడం మానేసి మొదటి దెబ్బకే బోర్లా పడి ఉంటే దవడ కాటు తప్పేదని నేను నమ్ముతున్నాను. చిరుత విషయంలో మాత్రం ఇది తలకిందులు. అది వేటకోసం వస్తుంది, పడుకుంటే దానికి సులువవుతుంది. నిలబడి, అరిచి, చేతికి దొరికినదానితో ఎదురుతిరగాలి, వెంట చిన్నపిల్లలుంటే ఎత్తుకోవాలి.

ఏడాది తర్వాత పరిస్థితి ఇది. కుడి కన్ను పూర్తిగా మూసుకుంటోంది. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి కదలిక రావడానికి నెలలు పట్టింది. పై పెదవి కుడివైపు ఇంకా కొంచెమే లేస్తోంది. నోరు రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోంది, అన్నం మామూలుగా తింటున్నాడు. కుడి పిడికిలిలో చిటికెన వేలి మెటిక లోపలికి దిగిపోయింది, పట్టు మాత్రం బాగుంది. చెట్లు ఎక్కడం మానేశాడు, తోటకు పగటిపూట మేనల్లుడితో వెళ్తున్నాడు. క్రియాటినిన్ కోసం మూడు నెలలకోసారి వస్తున్నాడు. ఎలుగుబంటి దాడి వల్లే ఆయన కిడ్నీ సమస్య తొందరగా బయటపడింది.

ఎలుగుబంటి కాటు కేసు పంపే ప్రాథమిక కేంద్రాల వారికి నా విన్నపం ఒకటుంది. వేలాడుతున్న చర్మాన్ని, చెవి ముక్కను, ముక్కు ముక్కను కోసి పారేయకండి, ఎంత మురికిగా కనిపించినా సరే. కడిగి, సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పి పంపండి. పూర్తిగా ఊడిపోయిన ముక్కైతే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో ఉంచండి, ఐసు నేరుగా తగలకూడదు. గాయాలను కుట్టకండి. దవడ విరిగిన అనుమానముంటే కూర్చోబెట్టి పంపండి. చీటీ మీద దాడి జరిగిన సమయం, గాయాలు కడిగిన సమయం, టీకా వేసిన సమయం మూడూ విడివిడిగా రాయండి.